న్గుయెన్ అని పిలిస్తే రాని తాత

పక్కింటి ముసలాళ్ళొచ్చి మా కోడిని తినిపోతారేమోనని ఆ పొద్దంతా నా గుండె పీచుపీచుమంటూనే ఉంది. ముసలాళ్ళంటే బతికున్నవాళ్ళు కాదు, పోయినవాళ్ళు. కాలువ అవతల ఉన్నది పుట్టు న్గుయెన్ల ఇల్లు. పోయిన నెల దాకా మేం లీ వాళ్ళం. ఇప్పుడు రాజాజ్ఞ వల్ల మేమూ న్గుయెన్లమే. ఆ రోజు మా మూలపురుషుడు ఖే తాతగారి తద్దినం. మావారు దువాత్ పీట ముందు నిలబడి "న్గుయెన్ పెద్దల్లారా, భోజనానికి దయచెయ్యండి" అని పిలిస్తే ముందు లేచొచ్చేదెవరు? వాళ్ళవాళ్ళే! బతికున్నప్పుడే పిలవని పేరంటాలకి వచ్చిన రకం.

కొత్త రాజుగారి తాత పేరు లీ అట. అంత పెద్దాయన పేరు ఊళ్ళోవాళ్ళ నోళ్ళలో నలగకూడదట. అందుకని దేశంలో లీ వాళ్ళందరూ న్గుయెన్లైపోవాలని చాటింపు వేశారు. అసలు సంగతి అందరికీ తెలుసు. పాత రాజుల ఇంటిపేరూ లీయే. ఆ పేరు చెవిన పడితే కొత్తవాళ్ళకి కంటిమీద కునుకుండదు.

ఆ పేరు మాకు ఊరికే రాలేదండీ! రెండు వందల ఏళ్ళ కిందట మొదటి లీ రాజు కొండల మధ్య ఇరుకు రాజధానిని వదిలేసి, పెద్ద ఏటి ఒడ్డున థాంగ్ లాంగ్ అనే కొత్త రాజధాని కట్టుకుందామని పడవల్లో బయల్దేరాడు. ముందు పడవలో తెడ్డు మా ఖే తాతది. ఆయనకి ఇంటిపేరు లేదు, కాళ్ళకి చెప్పుల్లేవు, గొంతు మాత్రం ఉంది. సుడిగుండంలో పడవ గిర్రున తిరుగుతోంది. అందరూ తెడ్లొదిలేసి దేవుళ్ళని తలుచుకుంటున్నారు. ఈయన ఒక్కడే "హో... దో!" అని కేకేశాడు. "దో తా!" అంటూ తెడ్లన్నీ ఒక్కసారి నీళ్ళలో పడ్డాయి. పడవ ఒడ్డెక్కింది. రాజు తడిబట్టలతోనే తన ఇంటిపేరు ఈయనకిచ్చేశాడు.

ఇంక చూడండి మా వైభోగం! ఆ లీ రాజులు గుడులు కట్టారు, దండయాత్రలు తిప్పికొట్టారు, చదువులకి పరీక్షలు పెట్టారు. వాళ్ళ నీడన మేమూ ఊరికి పెద్దలమయ్యాం. తర్వాత ఆ ఇంట్లో మతి చెడినవాడొకడు పుట్టాడు. చివరికి సింహాసనం మీద ఒక చిన్నపిల్ల మిగిలింది. ఆ పిల్లకి ట్రాన్ వాళ్ళ కుర్రాడితో పెళ్ళి చేశారు, ఇప్పటి కొత్త రాజు ఆ కుర్రాడే. రాజ్యమంతా సారెతో పాటు అత్తారింటికి వెళ్ళిపోయింది. మా పెద్దరికమూ అదే బండెక్కింది.

ఆ రోజు మేం ఏ పేరు పలుకుతామో వినడానికి ఒక అధికారి వచ్చాడు, ట్రాన్ మాక్ గారు. లావుపాటి మనిషి, అందరిలా రంగేయించుకుని నిగనిగలాడే నల్లటి పళ్ళు. చాప మీద చతికిలబడి, తాంబూలం బుగ్గన పెట్టుకుని, కోడివైపే చూస్తున్నాడు. పాత పేరు నోట వచ్చిందా, మావారి వీపు చీరేస్తారు, ఆపైన మా అందరికీ ఊరి నుంచి వెలి.

మావారు ఉదయమే హుకుం జారీ చేశారు. "ఒసేయ్, ఇవాళ మాత్రం ఆ తెడ్డు కేక వెయ్యకు. పెద్దమనిషి ముందు పల్లెకారు వేషాలు బాగోవు."

మా ఇంట్లో అన్నానికి ఎవరినీ పేరు పెట్టి పిలవం. ఏట్లో ఈదుతున్నవాళ్ళనైనా, పొలంలో ఉన్నవాళ్ళనైనా ఆ కేకతోనే పిలుస్తాం. కాపురానికి వచ్చిన రోజే అత్తయ్య నాకు నేర్పింది. ఇప్పుడది పల్లెకారు వేషమైంది! సరేలెమ్మని నోరు నొక్కుకున్నాను.

పీట మీద కోడి, బంకన్నం, అల్లంతో మగ్గబెట్టిన ఏటిచేప, బియ్యపు సారా సర్దాను. అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చలికాలం దాటనని ఆవిడకి తెలుసు.

"అమ్మాయ్, ఖే తాతగారే దారి తప్పితే రేపు నేనెలా వస్తానే? నన్ను మాత్రం ఏమని పిలుస్తారు? ఎవరి గుమ్మంలో ఆకలితో పడుండాలి నేను?"

నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

మావారు అగరవత్తులు వెలిగించి, గొంతు సవరించుకుని "న్గుయెన్ ఖే తాతగారూ..." అని పిలిచారు. వత్తులు సగం కాలాక ఒకవైపు సున్నం పూసిన రాగి కాసులు రెండు పళ్ళెంలో వేశారు. ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా పడితే పెద్దలు వచ్చి తిన్నట్టు. అలా పడేదాకా ఎవరూ మెతుకు ముట్టరు, అధికారైనా సరే.

రెండూ తెల్లగా పడ్డాయి.

"నవ్వుతున్నారు" అంది అత్తయ్య. "ఎవర్రా ఈ న్గుయెన్ అని నవ్వుతున్నారు."

"అమ్మా, నువ్వూరుకో!" మావారు అధికారి వైపు బెదురుగా చూసి మళ్ళీ పిలిచారు, మళ్ళీ వేశారు. రెండూ నల్లగా పడ్డాయి. రానన్నారన్నమాట.

"ఏమయ్యా దువాత్, మీ తాతకి ఆకలి లేదా?" అన్నాడు మాక్ గారు. "నాకుంది."

"వస్తారండీ, దూరం కదండీ..."

"పోయిన ఏడాది దూరం లేదేం?" అన్నాను నేను.

మావారు కళ్ళతోనే నన్ను కాల్చేశారు. మళ్ళీ వేశారు. మళ్ళీ నల్లవే! కాలువ అవతల పుట్టు న్గుయెన్ల ముసలాయన గోడ మీంచి మెడ సాచి, "మా నాన్నగారు గానీ అటొచ్చారా?" అని అడిగాడు. మా పిల్లలు పకపకా నవ్వారు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. చీకటి గుమ్మం వైపు చూస్తూ పెదాలు కదుపుతోంది. ఆ పెదాల మీద ఉన్నది పాత పేరని నాకు తెలిసిపోయింది. ఇంకొక్క క్షణం ఆగితే బయటికొచ్చేస్తుంది!

అన్నం చల్లారిపోతోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఏ పేరుతో పిలిస్తేనేం, ఇది అన్నం వేళ కాదూ! గుమ్మంలోకి పరుగెత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని, రోజూ పిలిచినట్టే ఏటి వైపు గొంతు చించుకుని అరిచాను.

"హో... దో!"

"దో తా!" పిల్లలు అలవాటు కొద్దీ అందుకున్నారు. అత్తయ్య తల విదిలించి లేచింది. ఆ ఎండిన గొంతులోంచి అంత కేక ఎలా వచ్చిందో! "హో... దో!" చివరికి మావారు కూడా "దో తా!" అన్నారు. ఇల్లంతా తెడ్లు వేస్తున్నట్టే ఊగిపోయింది.

మరో గొంతు కూడా కలిసింది. చూద్దును కదా, మాక్ గారు! తాంబూలం ఉమ్మేసి, పంట్లాం పైకి మడిచి, తొడ మీద పడవవాళ్ళు పొడిపించుకునే డ్రాగన్ పచ్చబొట్టు ఎగిరెగిరిపడేలా చరుస్తూ "దో తా!" అంటున్నాడు.

"వెయ్యరా కాసులు!" అని అరిచింది అత్తయ్య.

పళ్ళెం గలగలమంది. ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా!

మావారు వలవలా ఏడ్చేశారు. నేను కోడికాలు విరిచి మాక్ గారి పళ్ళెంలో వేశాను. అత్తయ్య ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"నాకు పేరూ వద్దు, గీరూ వద్దు. అన్నానికి పిలిచినట్టే పిలువు. ఎక్కడున్నా వచ్చేస్తా."

"రాకపోతే ఊరుకుంటానా అత్తయ్యా, చెవి పట్టుకుని లాక్కొస్తాను."

చీకటి పడేవేళ మాక్ గారు లేచాడు. గట్టు దాకా సాగనంపుతుంటే మెల్లగా అడిగాడు.

"అమ్మా, ట్రాన్ అన్నది మాకూ రాజుగారిచ్చిన పేరే. మా నాన్నది చేపల పడవ. వల లాగేటప్పుడు ఆయనకీ ఒక కేక ఉండేది. మా పిల్లలకది రాదు. ఈ పేరు ఎన్నాళ్ళుంటుందంటావ్?"

"నన్నడుగుతారేంటండీ, పేరు పోయినదాన్ని? ఇంటికెళ్ళి పిల్లలకి ఆ కేక నేర్పండి."

ఆయన గట్టు వెంట వెళ్తూ గొంతెత్తాడు. సముద్రపు వాళ్ళ కేక, మేమెప్పుడూ విననిది. సగం దాకా వచ్చి ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగాడు.

"పాపం, మిగతాది మర్చిపోయాడే" అంది అత్తయ్య.

వాళ్ళ కేకకి జవాబేమిటో మాకు తెలీదు. అయినా ఇంటిల్లిపాదీ గట్టెక్కి, ఆయన వెళ్ళిన వైపు తిరిగి "దో తా!" అని అరిచాం.