కోటు జేబులో పిస్తోలు

శాసనసభ్యులు సభలోకి తుపాకీ దాచుకుని రావచ్చనే బిల్లు ఆ బుధవారం కమిటీ ముందుకొచ్చింది. తెచ్చింది డ్వేన్ హాగెన్. అతని పేరు కిందే మార్లిస్ ట్వేట్ పేరూ ఉంది. గొర్రెల మీద బతికే ఆమె నియోజకవర్గంలో తుపాకీ లేని ఇల్లు లేదు. పైగా పోయిన చలికాలం ఎవడో ఫోన్‌లో "నీ ఇల్లెక్కడో నాకు తెలుసు" అని బెదిరించాడు. అప్పటినుంచీ ఆమెకు కంటి నిండా నిద్ర లేదు. సంతకం పెట్టడానికి రెండోసారి ఆలోచించలేదు.

ఆ ఉదయం ఒక గొర్రె ఈనలేక అవస్థ పడింది. పిల్లను బయటికి లాగి, చేతులు కడుక్కుని, కొట్టంలో వేసుకునే గోధుమరంగు కోటుతోనే మంచులో బండి తోలుకుంటూ రాజధానికి వచ్చేసింది మార్లిస్. సభ్యులను తనిఖీ చెయ్యని పక్క తలుపు గుండా వచ్చి, కమిటీ గది బయట కొక్కేలకు కోటు తగిలించి లోపలికి పరుగెత్తింది. సభ చూడటానికి వచ్చిన నాలుగో తరగతి పిల్లల కోట్లూ ఆ కొక్కేలకే ఉన్నాయి.

ఆమె బిల్లును సమర్థిస్తూ మాట్లాడాక, వ్యతిరేక పక్షం నుంచి పెట్రా లాంగ్ అడిగింది.

"మార్లిస్ గారూ, మీ పిస్తోలు ఎక్కడ పెడతారు?"

"ఎక్కడుందో నాకెప్పుడూ తెలిసే ఉంటుందండీ. బాధ్యత ఉన్న మనిషి ఎవరైనా అంతే."

"మరి ఇప్పుడెక్కడుంది?"

"కొట్టంలో. నక్కల కోసం కోటు జేబులో..."

పొద్దున ఆ కోటే వేసుకుని వచ్చానని అప్పుడు గుర్తొచ్చింది. "చైర్మన్ గారూ, క్షమించండి" అని బయటికి నడిచింది.

కొక్కేలన్నీ ఖాళీ. ఒక్క గోధుమరంగు కోటు మిగిలింది. జేబులో చెయ్యి పెడితే ఊలు గ్లవుజులు, దగ్గు బిళ్లలు తగిలాయి. అది తనది కాదు.

"పిల్లలేరి?" అని కాపలా అతన్ని అడిగింది.

"బస్సెక్కుతున్నారండీ."

ఆ కోటు పట్టుకునే మెట్లు దిగి మంచులో పరుగు తీసింది. కాళ్లు జారుతున్నాయి. ఏ పిల్ల చేతిలో ఏముందోనని దూరం నుంచే బస్సు వైపు చూస్తోంది.

బస్సు తలుపు దగ్గర ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఒంటి మీద మార్లిస్ కోటు. కుడిచెయ్యి జేబులో బిగించి ఉంది. పిల్లలు పక్కనుంచి ఎక్కుతున్నా ఆవిడ కదలడం లేదు.

"ఈ కోటు నీదేనా, తల్లీ?"

"నాదేనమ్మా."

"నా పేరు ఇర్మా. మనవరాలికి తోడుగా వచ్చాను. గ్లవుజుల కోసం చెయ్యి పెడితే ఇది తగిలింది. తీస్తే పిల్లలు చూస్తారు, వదిలితే ఎవరు తడుముతారో అని పట్టుకునే ఉన్నాను. ఎవరిదైతే వాళ్లే పరిగెత్తుకొస్తారనుకున్నా." ఆవిడ పెదాలు చలికి నీలమయ్యాయి. "ఎవరూ ముట్టుకోలేదులే. ఏడవకు."

తను ఏడుస్తున్నట్టు మార్లిస్‌కు అప్పుడే తెలిసింది. వెనకే వచ్చిన కాపలా అతను పిల్లలకు అడ్డంగా నిలబడి పిస్తోలు తీసుకున్నాడు, తూటాలు విప్పేశాడు. ఇర్మా తన కోటు తొడుక్కుని, మార్లిస్ నోట్లో ఒక దగ్గు బిళ్ల పెట్టి బస్సెక్కింది. లోపల పిల్లలు ఏదో పాట అందుకున్నారు. బస్సు మలుపు తిరిగేదాకా మార్లిస్ అక్కడే నిలబడింది. ఒళ్లంతా దూదిలా తేలికైపోయింది.

గదిలోకి తిరిగి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది.

"పెట్రా గారూ, మీరడిగినదానికి నా జవాబు తప్పు. అది ఎక్కడుందో నాకు తెలియలేదు. బిల్లు మీంచి నా పేరు తీసేయండి. కేసు పెడితే పెట్టండి, కాదనను."

పెట్రా మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపింది. బిల్లు ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ ఓటు మార్లిస్‌దే.

నడవలో డ్వేన్ ఎదురొచ్చాడు, ముఖం కందగడ్డలా ఉంది.

"నన్ను నిలువునా ముంచావు కదే."

"ముంచాను, డ్వేన్."

"పిల్లలు బాగానే ఉన్నారా?"

"పాటలు పాడుకుంటూ వెళ్లారు."

"అయితే పోనీలే" అని బల్ల మీద కూలబడ్డాడు. "నా మనవడు కూడా నాలుగో తరగతే."

కాపలా వాళ్ల దగ్గర వాంగ్మూలం రాసిచ్చి, మార్లిస్ కింద క్యాంటీన్‌కు వెళ్లింది. బంగాళాదుంపల సూప్ తెప్పించుకుని, రొట్టెతో గిన్నె అంచులదాకా తుడుచుకు తిని, ఇంకో గిన్నె అడిగింది.