పదికి సున్నా

సక్కర్ చేప చెత్త తిని బతుకుతుందనే మాట మా డిపార్ట్‌మెంటులో ఊడ్చేవాళ్ల దగ్గర్నుంచి హెడ్డు దాకా అందరి నోటా విన్నాను. అద్దానికి పట్టిన పాచి, మిగతా చేపలు వదిలిన మలం, అదే దాని తిండి అంటారు. వేరే మేత అక్కర్లేదంటారు. ఆ మాట నమ్మి మొదటి రెండింటినీ నేనే చంపాను. పొట్ట వెన్నుకు అంటుకుపోయి, కళ్లు గుంటలు పడి చచ్చాయి. ఆకలికి చచ్చాయని చెప్పడానికి జువాలజీ పట్టా అవసరం లేదు.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ని. తార్నాకలో కాపురం. అక్కడికి నడిచిపోయేంత దూరంలో ఉన్న యూనివర్సిటీ జువాలజీ డిపార్ట్‌మెంటులో ఇరవై రెండేళ్లుగా ల్యాబ్ అటెండర్ని. ఇప్పటికీ ఔట్‌సోర్సింగే. ఏటా మార్చిలో హెడ్డు సంతకం పెడితే ఇంకో ఏడాది ఉంటాను, లేకపోతే లేదు. కింది వరండాలో ఆరడుగుల అద్దాల తొట్టి ఒకటి ఉంది. దాని పని నాది. మూడో సక్కర్ చేప వచ్చినప్పుడు బొటనవేలంత ఉండేది. పదకొండేళ్లలో మూరెడు పెరిగింది. ఒళ్లంతా గరుకు పెంకులు, తల అడుగున నోరు. వరండా ఊడ్చే లింగమ్మ దానికి నల్లోడని పేరు పెట్టింది.

దాన్ని పెంచడం నాకెవరూ నేర్పలేదు. సొరకాయ ముక్క ఉడికించి, స్టీలు చెంచాకు గుచ్చి అడుగుకు వదిలితే తింటుందని చూసి తెలుసుకున్నాను. అదీ సాయంత్రం లైట్లార్పి పోయే ముందు వేస్తేనే. వెలుతురులో బయటికి రాదు. అది చెక్కను గీకి తింటుందని కూడా చూసే తెలుసుకున్నాను. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో కొట్టేసిన జామ చెట్టు వేరు తెచ్చి, ఉడకబెట్టి, నెల రోజులు నానేసి తొట్టిలో పెట్టాను. ఆ వేరు కిందే దాని ఇల్లు. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చేవాణ్ని. కొళాయి నీళ్లు నేరుగా పోస్తే క్లోరిన్‌కు మొప్పలు మండుతాయి, అందుకని నీలం డ్రమ్ములో రెండు రోజులు నిలవబెట్టి పోసేవాణ్ని.

సొరకాయ ఇంటినుంచే పోయేది. నా భార్య సుకన్య ముక్కలు డబ్బాలో సర్దుతూ సాధించేది. ఇంట్లో మనుషులకు తొక్కు పచ్చడట, చేపకు లేత ముక్కలట. ఆ డిపార్ట్‌మెంటులో ఇంకో కాపురం పెట్టావని ముందే చెబితే సారె కూడా పంపేదాన్ని కదయ్యా, అనేది.

ఈ ఫిబ్రవరిలో తనిఖీ కమిటీ వస్తుందన్నారు. కమిటీ అంటే మా దగ్గర పెళ్లికి సున్నాలేసినట్టే. పగిలిన టైల్స్ మీద తివాచీలు, ఎవరూ కూర్చోని గదులకు కొత్త బోర్డులు. మా హెడ్డు ప్రొఫెసర్ పార్థసారథి కింద వరండాకు వచ్చి తొట్టి చూసి ముక్కు చిట్లించాడు. జామవేరు ఊరి నీళ్లు పలచటి టీ రంగులో ఉంటాయి. చేపకు అవే మంచివి. ఆయన కంటికి అది మురిక్కాలవ. వేరు తీసేయమన్నాడు. నా నీలం డ్రమ్ము అసహ్యంగా ఉందని బిల్డింగు వెనక బోర్లా వేయించాడు. రంగు రాళ్లు, ప్లాస్టిక్ ఓడ, డజను ఎర్ర గోల్డ్ ఫిష్‌లు తెప్పించాడు. కొత్త చేపల్ని వేరేగా పదిరోజులు పెట్టి చూడకుండా కలపొద్దని చెప్పాను. అంత టైము లేదన్నాడు.

గురువారానికి ఎర్ర చేపల ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు లేచాయి. కమిటీ సోమవారం పదకొండింటికి. శుక్రవారం పొద్దున సారు ఇద్దరు లెక్చరర్లను వెంటేసుకుని వచ్చి, మైలుతుత్తం కలుపు, చుక్కలూ పోతాయి, పాచీ పోతుంది, అందాజుగా రెండు చెంచాలు వెయ్యి అన్నాడు.

"మైలుతుత్తమంటే రాగే కదా, సక్కర్ చేప రాగికి తట్టుకోదు సార్" అన్నాను.

"ఏ పుస్తకంలో చదివావు సామేలూ?"

లెక్చరర్లు నవ్వారు. పెద్దగా ఏం కాదు, పెదాలతోనే.

మీ పుస్తకంలోనే సార్ అనాలి నేను. పదిహేనేళ్ల కిందట ఆయన కింద ఒక కుర్రాడు రాగి విషం మీద పీహెచ్‌డీ చేశాడు. తొట్టికి పది చేపల చొప్పున వేసి, మైలుతుత్తం కొంచెం కొంచెం పెంచుతూ, ఇరవై నాలుగు గంటలకెన్ని చచ్చాయి, నలభై ఎనిమిదికెన్ని, డెబ్భై రెండుకు, తొంభై ఆరుకెన్ని అని లెక్క. ఆ కుర్రాడు హాస్టల్లో నిద్రపోతుంటే చచ్చినవాటిని ఏరి లెక్క రాసింది నేను. అట్టకట్టి బంగారు అక్షరాలు కొట్టించిన ఆ పుస్తకం సారు గదిలోనే ఉంది. అందులో ఇంగ్లీషు నాకు రాదు. అంకెలు వచ్చు. ఆ అంకెలు నావి.

నోటిదాకా వచ్చింది, మింగేశాను. మార్చి ఎంతో దూరం లేదు. కనీసం నల్లోణ్ని తీసి డ్రమ్ములో పెడతాను సార్ అని అడిగాను. పెద్ద చేప తొట్టిలోనే ఉండాలి, వాళ్లకు చూపించేదే అది, అన్నాడాయన.

ఆయన మీటింగుకు పోయాక గదిలోకెళ్లి పుస్తకం దించాను. పట్టీలో పైనుంచి రెండో వరుస దొరికింది. ఆ మోతాదుకు పది చేపలు. ఇరవై నాలుగుకు సున్నా, నలభై ఎనిమిదికి సున్నా, డెబ్భై రెండుకు సున్నా, తొంభై ఆరుకు సున్నా. తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయో నాకు తెలుసు. కాటాలో గ్రాములు తూచి, సారు చెప్పిన రెండు చెంచాల్లో నాలుగో వంతు కూడా లేకుండా, పదకొండింటికి కలిపాను. సోమవారం పదకొండుకు సరిగ్గా డెబ్భై రెండు గంటలు. కమిటీ అటు మెట్లెక్కగానే ఇటు నీళ్లు మార్చేస్తాను. సారు మాట దక్కుతుంది, చేపా దక్కుతుంది. చదువుకున్నోడి పుస్తకంతోనే చదువుకున్నోణ్ని బోల్తా కొట్టించానని ఆ రోజు ఇంటికి పోతూ తార్నాక చౌరస్తాలో ఒక్కణ్నే నవ్వుకున్నాను.

శనివారం నల్లోడు సొరకాయ ముట్టలేదు. ఒంటి నలుపు తగ్గి బూడిద రంగుకు తిరిగింది. వేరు లేక దిగులుపడిందనుకున్నాను.

ఆదివారం చర్చి కాగానే సుకన్యను ఇంటికి పంపి డిపార్ట్‌మెంటుకు పోయాను. వాచ్‌మన్ బిక్షపతి తాళం తీశాడు. చేప ప్లాస్టిక్ ఓడ పక్కన ఒక వైపుకు ఒరిగి ఉంది. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. ఎర్ర చేపలు మాత్రం చుక్కలు తగ్గి హుషారుగా తిరుగుతున్నాయి.

"ఏందన్నా, పానం బాగలేదా దానికి? తీస్తే తియ్‌రాదు. బకెట్ తేనా?" అన్నాడు బిక్షపతి.

తీయొచ్చు. నిలవ నీళ్లు లేవుగాని, రెండు బకెట్ల కొళాయి నీళ్లు ఎండలో పెట్టి సాయంత్రానికి మార్చొచ్చు. సోమవారం పొద్దున తొట్టిలో పెద్ద చేప లేకపోతే సారు ఏమంటాడో అదీ తెలుసు. కానీ నన్ను ఆపింది ఆ భయమొక్కటే కాదు. పట్టీలో సున్నా ఉంది. నా చేత్తో రాసిన సున్నా. నలభై ఎనిమిది గంటలు దాటినా సున్నాయే, డెబ్భై రెండుకూ సున్నాయే. కళ్లెదుట చేప ఒరిగిపోతుంటే నేను వేళ్ల మీద గంటలు లెక్కపెట్టుకుని, ఏం కాదులే అని బిక్షపతికి చెప్పి ఇంటికి పోయాను.

సోమవారం కమిటీ పదకొండున్నరకు వచ్చింది. నల్లోడు అప్పటికి నీళ్ల పైకి వచ్చి నోరు బయటపెట్టి గాలి మింగుతోంది. మునుగుతుంది, మళ్లీ పైకి తన్నుకుని వస్తుంది. కమిటీలో ముసలాయన ఆగి, చాలా యాక్టివ్‌గా ఉంది అని మెచ్చుకుని ఫోటో తీసుకున్నాడు. దీన్ని ఎవరు చూసుకుంటారని అడిగాడు. మా రీసెర్చ్ స్కాలర్లు సార్, అన్నాడు పార్థసారథి. నేను టీ ట్రే పట్టుకుని పక్కనే ఉన్నాను.

వాళ్లు వరండా వదిలేసరికి ఒంటిగంట. పైపు వేసి నీళ్లు లాగడం మొదలుపెట్టాను. సగం తొట్టి దిగేసరికి నల్లోడు నా చేతికి ఆనుకుంది. మామూలుగా చెయ్యి పెడితే తోకతో కొట్టి పారిపోయే చేప. రెండూ ఇరవైకి మొప్పలు ఆగిపోయాయి. డెబ్భై ఐదు గంటలు దాటాయి.

సారు గదిలో మళ్లీ పుస్తకం తీశాను, లెక్క ఎక్కడ తప్పానో చూద్దామని. లెక్క తప్పలేదు. పేజీ తిప్పితే చేప బొమ్మ కనపడింది. పొడుగు మీసాలు, నున్నటి ఒళ్లు. మార్పు చేప. బురదలో, అరచేతిలో పట్టేన్ని నీళ్లలో కూడా బతికే జాతి. రామ్‌నగర్ మార్కెట్‌నుంచి వాటిని తెచ్చింది నేనే. బకెట్లోంచి దూకి ఆటోలో కాళ్ల కింద పాకుతుంటే పట్టి మళ్లీ వేసింది నేనే. మార్పుకు సున్నా అయితే సక్కర్‌కు సున్నా కాదని లింగమ్మకు చెప్పినా అర్థమవుతుంది. మూడు రోజులు ఆ పట్టీ తల్లో తిప్పుకున్నాను గాని, అది ఏ చేప పట్టీయో ఒక్కసారి తలుచుకోలేదు.

పుస్తకం చేతిలో ఉండగానే పార్థసారథి వచ్చాడు. మంచి హుషారు మీదున్నాడు. చేప పోయిందన్నాను. వాళ్లు వెళ్లాక పోయింది, అదృష్టం, అన్నాడు. మ్యూజియానికి పనికొస్తుంది, ఫార్మలిన్‌లో పెట్టు, అద్దం పాచి పట్టకముందే చిన్నది ఇంకోటి తెప్పిద్దాం, అన్నాడు. నా చేతిలో ఏముందో చూసి, అదెందుకు తీశావన్నాడు.

శుక్రవారం నుంచి నాలిక మీద పెట్టుకున్న మాట ఉంది కదా, మీ పుస్తకంలోనే చదివాను సార్ అని. అనడానికి అంతకన్నా మంచి సమయం రాదు. కానీ దాని తర్వాతి మాట నా మీదికే వస్తుంది.

"దుమ్ము పట్టింది సార్, తుడుస్తున్నా" అన్నాను.

మ్యూజియంలో ఉన్న పెద్ద జాడీ నల్లోడికి జానెడు పొట్టిది. తోక వంచి దూర్చాల్సి వచ్చింది. పెంకులకు అరచేయి చీరుకుపోయి, ఫార్మలిన్ తగిలి మండింది. లింగమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసింది.

"పొట్ట నిండుగనే ఉన్నది గదన్నా. ఆకలికైతే సావలేదు. మరి ఎట్ల సచ్చింది?"

నేను మైలుతుత్తం కలిపానని చెప్పాను.

"సార్‌కు చెప్పలేదా నువ్వు?"

"చెప్పాను."

"ఒక్కసారేనా?"

జాడీ మూత బిగించి, తుడిచి, అలమారలో మార్పుల జాడీ పక్కన ఖాళీ ఉంటే అక్కడ పెట్టాను. దాని నోరు అద్దానికి ఆనుకుని ఉంది. లింగమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది.