సూరన్నకు లేని కట్టుబాటు

విజయకుమారిది ఉడుంపట్టు. ఆమెది పోలియో కాలు. అయినా బరంపురంలోని గోసాని నువాగాం నుంచి వారం వారం స్కూటర్ మీద గోపాలపూర్ వచ్చి, జాలరిపేటలో సూరన్న గుమ్మం దగ్గర కూర్చునేది. అక్కడి తీరంలో వికలాంగులకు పోటీ పెడుతున్నారు, సూరన్న అందులో దిగాలని ఆమె పంతం. సముద్రంలో ఈత, చేత్తో తిప్పే సైకిలు, ఆఖర్న పరుగు. పరుగెత్తలేనివాళ్ళు చంకకర్రలతో నడిచినా సరేనట.

పడవ ఇంజను ఫ్యాను సూరన్న ఎడమ కాలిని మోకాలి దాకా తీసుకుపోయి నాలుగేళ్ళయింది. ఆ తర్వాత అతను సముద్రంలో దిగలేదు. ఇంటి వెనక వలలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. "ఒంటికాలోడికి సంద్రమెందుకు మేడం?" అని ఎనిమిది నెలలు బిగుసుకున్న మనిషి, ఆమె పోరు పడలేక మెత్తబడ్డాడు. చెరువులో ఈత మొదలుపెట్టాడు. "సంద్రంలో మాత్రం పోటీ రోజే దిగుతాను" అన్నాడు. ఆ మాటకి ఆమె ఇంటికెళ్ళి సంతోషం పట్టలేక ఏడ్చింది.

పోటీ రోజు తెల్లారేసరికి పేటలో ముసలి కాసులు చనిపోయాడు. శవం లేచేదాకా చేపల వేటకెళ్ళే మనిషెవడూ సముద్రంలో కాలు పెట్టకూడదు. అది తాతలనాటి కట్టుబాటు. పడవలన్నీ ఒడ్డునే ఉండిపోయాయి.

విజయకుమారి వచ్చేసరికి సూరన్న చొక్కాకి తగిలించుకున్న పోటీ నంబరుతోనే, ఇసకలో వేటగాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాడు.

"ఈయాల నేనెల్లకూడదు మేడం. మావెవలం దిగం" అన్నాడు.

ఆ గొంతులో బాధ లేదు, పైగా ఏదో పెద్దరికం ఉంది. ఆమె అది గమనిస్తేగా! ఇన్ని నెలల కష్టం ఇసకలో కలిసిపోతోందని ఆమె కడుపు మండింది. తిన్నగా ఆ పక్కనే కూర్చున్న కులపెద్ద పైడన్న దగ్గరకెళ్ళి చేతులు జోడించింది.

"పెద్దయ్యా, ఈ ఒక్కరోజూ సూరన్నని వదిలిపెట్టండి."

పైడన్న మంచివాడు. ఆమెని వింతగా చూశాడు.

"దానికి నన్నడగడమేటమ్మా? కట్టుబాటు ఏటకెల్లేవోళ్ళకి కదా. ఆడోళ్ళకీ, పిల్లలకీ, సూరన్నకీ అడ్డేటుంది? పొద్దుట ఇంటింటికీ కబురెట్టినప్పుడు ఆడింటికి పంపనేదు కూడాను."

గెలిచానన్న సంబరంతో ఆమె గిర్రున తిరిగింది. "విన్నావా సూరన్నా! నీకు అడ్డు లేదట!"

విన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ విన్నారు. పక్కనున్న ఒకడైతే పాపం, సాయం చేద్దామని జరిగి దారి కూడా ఇచ్చాడు. సూరన్న చంకకర్ర అందుకుని లేచాడు. నంబరు ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నాలుగేళ్ళకి ఈయాలే ఆళ్ళతో కూసున్నాను మేడం" అన్నాడు.

మైకులో అతని పేరు రెండుసార్లు పిలిచారు. సూరన్న అప్పటికే ఇంటి దారి పట్టాడు.