జోడిపి దొడ్డి తాళం

తాళం తీసే ముందు ఎలిశబెతు దాన్ని రెండుసార్లు లాగి చూసింది. సాయంత్రం వేసింది వేసినట్టే ఉంది. అయినా నమ్మకం కుదరక దొడ్డి చుట్టూ తిరిగి, మట్టిలో కొత్త చెప్పుల గుర్తులున్నాయేమో వంగి వెతికి, అప్పుడు కొంగున కట్టుకున్న తాళంచెవితో తలుపు తీసింది.

వెంకటాచలం ఊరి దగ్గరి ఆ గొర్రెల ఫారంలో ఆమెకిది పంతొమ్మిదో ఏడు. నల్ల మూతి, నల్ల కళ్లంచుల జోడిపి జాతి గొర్రెపిల్లలను సాకడం ఆమె పని. ఒళ్లంతా తెల్లగా ఉండే పల్ల జాతి పిల్లలను నెరిసిన మీసాల జయకుమార్ చూసుకుంటాడు. రెండింటికీ ఒకే మేత పెట్టి, ఏది త్వరగా పెరుగుతుందో, ఏది ఎక్కువ మాంసమిస్తుందో ఆరు నెలలుగా చూస్తున్నారు. ఓడిన మందను అమ్మేస్తారు. మంద పోతే దాన్ని సాకే మనిషీ పోవలసిందే.

అందుకే ఆమెకు జయకుమార్ మీద అనుమానం. అసలు ఆమెకు అనుమానం లేనిదెవరి మీద గనక! ప్రార్థనలో కూడా ఒక కన్ను ఓరగా తెరిచి గుమ్మంలోని చెప్పులను చూసుకునే మనిషి. జయకుమార్ తన పిల్లలకు చాటుగా ఉలవలు పెడుతున్నాడని, కాటా ఎక్కించేటప్పుడు చెయ్యి ఆనిస్తున్నాడని నెల రోజులుగా కనబడిన వాళ్లందరికీ చెప్పింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని, నెల్లూరు వెళ్లి ఈ ఇత్తడి తాళం కొనుక్కొచ్చింది. రెండో చెవి ఉంటే ఎవరైనా కాజేస్తారని దాన్ని కాలవలో పారేసి, ఆ సంగతి కూడా గొప్పగా చెప్పుకుంది.

ఈ రోజు కోత. జాతికొక పొట్టేలు పిల్లను కోసి మాంసం తూస్తారు; పొట్ట ఖాళీగా ఉండాలని వాటిని నిన్నటి నుంచి పస్తు ఉంచారు. ఆమె పిల్ల అరుచుకుంటూ వచ్చి అరచేతిలో మూతి పెట్టింది. తల్లి చచ్చిపోతే ఆమే సీసాతో పాలుపట్టి పెంచిన పిల్ల అది. కడుపు మాడ్చి పంపడానికి ఆమెకు మనసొప్పలేదు. దడి పక్కనున్న అవిశ కొమ్మలు విరిచి ముందు వేసింది. బకెట్టుతో నీళ్లూ పెట్టింది. అది తప్పని ఆమెకు తట్టనైనా లేదు. తప్పులు చేసేవాడు జయకుమార్ కదా.

కాటా దగ్గర ఆమె అతని చేతులనే చూస్తూ నిలబడింది. పల్ల ఇరవై నాలుగు కిలోలు తూగింది. జోడిపి ఇరవై ఐదున్నర. ఆమె ముఖం వికసించింది. తరువాత కోత మేస్త్రీ మీరా మొహిద్దీన్ కత్తి తీసుకున్నాడు. పిల్ల పెద్దగా పెనుగులాడలేదు. ఆమె అటు తిరిగి నిలబడింది.

మాంసం తూచి ఫారం డాక్టరు ఆనందబాబు గారు లెక్కగట్టారు. పల్లకు బరువులో వందకు నలభై తొమ్మిది పాళ్లు మాంసం వచ్చింది, జోడిపికి నలభై ఏడే. జోడిపి ఓడిపోయింది. అప్పుడు మీరా మొహిద్దీన్ పక్కన పెట్టిన పొట్టను చీల్చి చూపించాడు. నిండా పచ్చని ఆకు.

"ఇది పస్తున్న పొట్ట కాదు సారూ. ఎవురో పొద్దున్నే మేపినారు. బరువు పెరిగింది గానీ మాంసం యాడి నుంచి వస్తది?"

అందరి చూపూ జయకుమార్ మీదికి పోయింది. ఎదుటి జాతిని ఓడించడానికే మేపాడనుకున్నారు. దొడ్డి తాళం సంగతి ఎవరికీ తట్టలేదు. నెల రోజులుగా ఆమె చెప్పిన మాటలు మరి ఊరికే పోతాయా? డాక్టరు గారు గట్టిగా నిలదీశారు. జయకుమార్ ఆమె కొంగు చివరనున్న తాళంచెవి వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

ఎలిశబెతు సిగ్గుతో చితికిపోయింది. ఊరుకుంటే అతని పని పోతుంది, తన పని నిలుస్తుంది.

"నేనే పెట్టినా సారూ. ఆకలికి అరస్తా ఉంటే చూళ్లేకపోయినా. ఈయన మింద నేను చెప్పినవి గూడా ఒకటీ కళ్లతో చూసినవి కావు."

ఈ పిల్ల లెక్కలోకి రాదని, ఎల్లుండి మరో జోడిపిని కోసి చూస్తామని డాక్టరు గారు చెప్పారు. ఆమెను మాత్రం రేపటి నుంచి రావద్దన్నారు.

ఆమె దొడ్డి దాకా వచ్చి కొంగు ముడి విప్పింది. వెనకాలే వచ్చిన జయకుమార్ చేతికి చెవి ఇవ్వబోతే అతను తీసుకోలేదు.

"మీ పిల్లల్ని నేను చూసుకుంటాలే అక్కా" అన్నాడు.

ఆమె చెప్పులు వేసుకుని రోడ్డు వైపు నడిచింది. ఎవరేం తీసుకుపోతారోనని ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు. దొడ్డి గొళ్లానికి ఇత్తడి తాళం తెరిచి వేలాడుతూ ఉంది, చెవి దానిలోనే ఉంది.