మంగళవారం చూసిన పిట్ట

“గుడికెల్లి రావడానికి గంటన్నర పడతాదేటే?” అంది మా అత్తగారు, నేను చెప్పులు విప్పేలోపే.

మంగళవారం కదా, లైను పెద్దదుందన్నాను. చీర అంచుకి గడ్డిముళ్లు అంటుకుని ఉన్నాయి. గుడిలో గడ్డిముళ్లు ఎక్కడివని ఆవిడ అడగలేదు. నేనే భయపడి వంటింట్లోకి దూరి, సింకు పక్కన నిలబడి ఒక్కొక్కటే పీకి చెత్తబుట్టలో పడేశాను. నలభై రెండేళ్లదాన్ని, పిల్లలిద్దర్నీ హాస్టల్లో చేర్చినదాన్ని, ఆ పని దొంగలా చేశాను.

నాలుగేళ్లుగా మా ఆయన ప్లాంట్‌లో ఫస్ట్ షిఫ్ట్‌కి వెళ్లిన రోజుల్లో గుడి పేరు చెప్పి, ఈ హిందీ ఊరి శివార్లో జాముల్ వైపు గొడ్లు మేసే బీడుకి వెళ్తున్నాను. నాలుగున్నరకి లేచి ఆయనకి టిఫిన్ కట్టి, అత్తగారి షుగరు మాత్రలు బల్ల మీద పెట్టాక మిగిలే టైమది. మొదట్లో నిజమే చెప్పాను. “పిట్టల్ని చూడ్డానికెల్తావా? ఇంట్లో మనుసులు అగుపించట్లేదేటి నీకు?” అంది అత్తగారు. మా ఆయన మనోజ్‌కుమార్ నవ్వాడు. “ఛోడో అమ్మా, రెండ్రోజుల్లో షౌక్ తీరిపోద్ది.” ఆ సరదా తీరలేదు. అబద్ధం నేర్చుకున్నాను. దేవుడి పేరు చెబితే ఈ ఇంట్లో ఆడదానికి గంటన్నర దొరుకుతుంది, తన పేరు చెబితే దొరకదు. ఆయన మాత్రం వీక్లీ ఆఫ్ రోజు పెద్ద కెమెరా మెళ్లో వేసుకుని బయల్దేరితే దాన్ని హాబీ అంటారు. ఊళ్లో పక్షులు చూసేవాళ్ల గ్రూపులో ఆయన మెంబరు కూడా.

ఆ మంగళవారం ఆరూ నలభైకి, బీడు మధ్యలో కంచె తీగ మీద ఒక పిట్ట వాలింది. పిచ్చుకంత ఉంది. ఎగిరి గాల్లోనే ఈగని పట్టి మళ్లీ అదే తీగ మీదికొచ్చింది. ఫ్లైక్యాచర్ అని తెలుస్తూనే ఉంది, కానీ నేను ఇంతకుముందు చూసిన రకం కాదు. తోక విప్పితే తుప్పు రంగు. ముక్కు కింది సగం లేత పసుపు. ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీస్తే మూడు మసకగా వచ్చాయి. టైము, దూరం, వెలుతురు ఎటునుంచి పడుతోందో, అన్నీ కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను. ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే, కొండల నుంచి దక్షిణానికి పోతూ దారిలో ఎప్పుడైనా ఆగే పిట్ట అట. మా ఊళ్లో కనిపించిన పిట్టలంటూ గ్రూపు రాసుకున్న జాబితాలో అది లేనేలేదు.

ఉండబట్టలేక సాయంత్రం ఆయనకి చూపించాను. నా బుద్ధి తక్కువ.

“నా పేరు మీద గ్రూపుకి పంపుతాను. నీ పేరుతో ఎవరు నమ్ముతారు? పైగా మంగళవారం పొద్దున్న బీడులో ఏటి చేస్తున్నావని అమ్మ అడిగితే ఏం చెప్తావు?” ఎంతో ప్రేమగా అన్నాడు. అందులో బెదిరింపు నాకు అర్థమైంది. అయితే మంగళవారం ఆయన డ్యూటీలో ఉన్నాడు, గ్రూపులో సగంమంది ఆయన డిపార్ట్‌మెంటు వాళ్లే. అందుకని పిట్టని తన వీక్లీ ఆఫ్‌కి జరిపాడు. గురువారం దాకా ఆగి, ఆ ఉదయం ఏడున్నరకి చూశానని రాసి పంపాడు. పిట్టలు కూడా ఆయన షిఫ్టుల ప్రకారమే రావాలి కాబోలు.

గురువారం సాయంత్రం టీ తాగుతుంటే అపర్ణ ఫోన్ చేసింది. కాలేజీలో జువాలజీ చెబుతుంది, గ్రూపు నడిపేది ఆమే. ఏ పిట్ట పేరైనా ఆమె ఒప్పుకుంటేనే జాబితాలోకి ఎక్కుతుంది. అమ్మ కూడా వినాలని ఆయన హుషారుగా స్పీకర్ పెట్టాడు.

“సర్, ఫొటో బఢియా ఉంది. లేకిన్ ఒక ప్రాబ్లం. ఇవాళ ఆరు నుంచి తొమ్మిదిదాకా నేను స్టూడెంట్స్‌తో అక్కడే ఉన్నాను. పిట్టా కనిపించలేదు, మీరూ కనిపించలేదు.”

ఆయన కప్పు కింద పెట్టాడు. “ఎండ ఎదురుగా ఉంటుంది కదా మేడం, గమనించి ఉండరు.”

“మూడు గంటలున్నాను సర్. తేదీ గలత్ అయితే రికార్డు పనికిరాదు. తీసేస్తాను, సారీ.”

ఆయన నా వైపు చూశాడు. నోరు మెదపకని. పద్దెనిమిదేళ్లుగా ఆ చూపు మాట వింటూనే ఉన్నాను. ఇప్పుడూ వింటే పిట్ట రాలేదనే అయిపోతుంది. వినకపోతే నా పొద్దుటి గంటన్నర పోతుంది. ఆ గంటన్నర లేకుండా ఈ ఇంట్లో బతకడం నాకు చేతకాదు, అది నాకు బాగా తెలుసు. కానీ ఒళ్లు మండిపోయింది. అది వచ్చింది, నేను చూశాను. ఆయన పరువు కోసం నా కళ్లు అబద్ధమెందుకు కావాలి?

“అపర్ణగారూ, నేను సత్యశ్రీని, ఆయన భార్యని. పిట్టని చూసింది నేను. మంగళవారం ఆరూ నలభైకి. ఆయనప్పుడు ప్లాంట్‌లో ఉన్నారు.”

“ఏటే?” అత్తగారు లేచి నిలబడింది. “మంగలారం గుడికెల్లావు కదే!”

“వెళ్లలేదత్తయ్యా. ఎప్పుడూ వెళ్లలేదు.”

ఫోన్‌లో అపర్ణ గొంతు తగ్గించి అడిగింది. “దీదీ, అప్పుడే రాసుకున్న నోట్స్ ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“అయితే మీ పేరుతోనే ఎక్కిస్తాను. ఆ చోటు నాకు చూపించాలి. రేపు పొద్దున్న రాగలరా?”

“ఇంట్లో అడిగి చెప్తానని చెప్పు,” అన్నాడు ఆయన పళ్లు కొరుకుతూ. చెయ్యి చాపి ఫోన్ కట్ చెయ్యబోయాడు. నేను ముందే అందుకున్నాను.

“ఆరున్నరకి వస్తాను అపర్ణగారూ,” అన్నాను. “ఇంట్లో చెప్పే వస్తాను.”