పైమట్టి తెల్లబడేదాకా

భాగ్యమ్మగారి మనీప్లాంటును చంపుతున్నది నీళ్ళే. ఆ సంగతి చెప్పినందుకు ఆవిడ భర్త శోభనాద్రిగారు నేనేదో కొట్టినట్టు నా వంక చూశారు.

2001లో బందరులో వాళ్ళింటి వెనక వాటాలో అద్దెకు చేరాను. బడిలో సైన్సు చెప్తాను. నోటి దురుసు కాస్త ఎక్కువ. అప్పటికి భాగ్యమ్మగారు పోయి ఆరు నెలలు. హాల్లో ఆవిడ ఫొటో కింద కుండీలో ఆ మొక్క. సగం ఆకులు పసుపు, మట్టంతా బురద.

“రోజూ చెంబెడు పోస్తే వేళ్ళు కుళ్ళవండీ?” అన్నాను.

“అది బతకాలమ్మా తనూజా. ఆవిడ చేత్తో పెట్టింది అదొక్కటే మిగిలింది,” అన్నారాయన.

అయితే నా మాట వినాల్సిందే అన్నాను. కుండీ అడుగున పూడిపోయిన కన్నం పొడిచాను. కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, కొత్త మట్టిలో ఇసుక కలిపి నాటాను. తడిగుడ్డతో ఆకుల మీద దుమ్ము తుడిచాను. పైమట్టి తెల్లబడేదాకా చుక్క పొయ్యనని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను.

మర్నాడు పొద్దున మట్టి మళ్ళీ బురద. మూడో రోజూ అంతే. ఒళ్ళు మండి నిలదీశాను. “నేను పొయ్యలేదమ్మా,” అని, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నారు.

ఆ వారమే ఆయన గుడివాడలో చెల్లెలింటికి వెళ్తూ తాళంచెవి నాకిచ్చారు. దాన్ని కొంగున ముడేసుకున్నాను. తెల్లారి తలుపు తీస్తే మట్టి తడి, చెంబు తడి. గచ్చు మీద అడుగులు లేవు. ఫొటోలో భాగ్యమ్మగారు మామూలుగానే ఉన్నారు. భయమేస్తే నాకు ముందు కోపమొస్తుంది.

“ఏవండీ, ప్రేమతో చంపేస్తారా దాన్ని?” అని ఆ ఖాళీ హాల్లో ఫొటో వంక చూసి అరిచాను. “పైమట్టి తెల్లబడేదాకా ఇటు రాకండి. వచ్చాక వేలు దించి చూడండి. లోపల కూడా పొడిగా ఉంటేనే పొయ్యండి.”

మర్నాడు కొత్త తడి లేదు. ఆ మర్నాడూ లేదు. శోభనాద్రిగారు తిరిగొచ్చారు. పదో రోజుకు పైమట్టి తెల్లబడింది.

పదకొండో రోజు పొద్దున మట్టి తడిగా ఉంది. కుండీ అంచున మట్టిలో, నీళ్ళు తగలని చోట, వేలు పట్టేంత కన్నం. నా చూపుడువేలు దించితే సగంలో ఆగిపోయింది. లోపల కన్నం పక్కకు తిరిగి ఉంది.

“చిన్నప్పుడు తలుపు సందులో నలిగి వంకర తిరిగిందమ్మా ఆవిడ వేలు,” అన్నారు శోభనాద్రిగారు వెనక నించి. ఆయన గొంతులో ఆశ్చర్యం లేదు. ఆయనకు మొదటినించీ తెలుసు.

మొక్క తేరుకుంది. నెల తిరిగేసరికి మూడు కొత్త ఆకులు వేసింది. నేను సంబరపడ్డాను. ఆయన మాత్రం చిక్కిపోయారు.

వైశాఖంలో ఓ మధ్యాహ్నం వెళ్ళేసరికి కుండీ పడమటి కిటికీలో ఉంది, నిప్పులు చెరిగే ఎండలో. లేత ఆకులు అంచుల్లో మాడుతున్నాయి.

“మీకేమన్నా మతి పోయిందా అండీ? బతకాలన్నది మీరే కదా!”

“ఇక్కడైతే మట్టి తొందరగా ఆరుతుందమ్మా,” అన్నారాయన తలెత్తకుండా. “అంతకుముందు ఆవిడ రోజూ వచ్చేది. నువ్వు నేర్పాక పదిరోజులకోసారి వస్తోంది.”

సిగ్గేసింది, ఏడుపొచ్చింది. కుండీని నీడలోకి తెచ్చి, సరిగ్గా ఫ్యాను కింద పెట్టి, రెగ్యులేటరు ఐదుకు తిప్పాను.