మెత్తగా మూసుకున్న బోల్టు

నేనొక పాత సైనిక రైఫిల్‌ని. ఈ పట్నం మ్యూజియంలో, మెట్ల పక్కనున్న అద్దాల బీరువాలో, ఏనుగు అంబారీ పక్కన నిలబడి ఉంటాను. చూడవచ్చినవాళ్లు అంబారీ దగ్గర ఆగినంతసేపు నా దగ్గర ఆగరు. ఆగిన ఒకరిద్దరూ నా ముందున్న చీటీ చదివి, ఇది ఎంతమందిని చంపి ఉంటుందో అనుకుంటారు. ఆ సంగతి నాకూ తెలియదు. నాకు బాగా తెలిసింది, నేను చంపకుండా ఆగిపోయిన ఒక్క సాయంత్రం గురించి.

పుట్టింది మంచు కురిసే దేశంలో. నన్ను చేసినవాడి పేరు చెప్పను, పోయినవాళ్ల మీద చాడీలు నాకు గిట్టవు. తెలివైనవాడే. మిగతా తుపాకుల్లో బోల్టును, అంటే తూటా వెనక గొట్టాన్ని మూసే ఇనుప కడ్డీని, పైకి లేపాలి, వెనక్కి లాగాలి, ముందుకు తోయాలి, మళ్లీ కిందికి వంచాలి. నాకు ఆ తతంగం లేదు. బోల్టు పిడి పట్టుకుని నేరుగా లాగి నేరుగా తోస్తే చాలు, లోపల బోల్టు తల తనంతట తానే తిరిగి గడియ పడుతుంది. ఇక గురి అంటారా, నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, అరమైలు దూరాన ఉన్న కొబ్బరికాయను అడిగి మరీ కొట్టగలను.

అంత గొప్పదాన్నీ మొదటి పెద్ద యుద్ధంలో బురద నిలువునా ముంచేసింది. కాస్త మట్టి లోపలికి పోతే చాలు, బిగుసుకుపోయేదాన్ని. ఎదురుగా శత్రువు వస్తుంటే, పాపం ఆ కుర్ర సిపాయిలు నన్ను నేలకానించి పిడిని బూటుకాలితో తన్నేవాళ్లు. తన్నులు తిన్నందుకు నాకు కోపం లేదు. తన్ని కూడా తెరుచుకోని తుపాకీ పట్టుకుని చనిపోయినవాళ్లు ఉన్నారు, అదే ఇప్పటికీ సిగ్గు. గురికాళ్లు కొందరు మాత్రం నన్ను శుభ్రంగా ఉంచుకుని, వదల్లేక వదల్లేక వదిలారు.

యుద్ధం అయ్యాక, చేతులు మారి మారి ఉత్తరాంధ్ర కొండల అంచున ఉన్న కొత్తగెడ్డ జమీందారు ఆయుధాల గదికి చేరాను. అక్కడ నన్ను చూసుకున్నవాడు నూకయ్య. కమ్మరి కుటుంబంలో పుట్టి, ముప్పై ఏళ్లుగా ఆ గది తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగిన మనిషి. మొదటి నెలలోనే నా అసలు దోషం కనిపెట్టాడు. శుభ్రం చేయడానికి బోల్టును విడదీసి మళ్లీ కలిపేటప్పుడు, దాని తలను ఒక మర తప్పించి పొరపాటుగా బిగించే వీలుంది. అలా బిగించినా బోల్టు లోపలికి పోతుంది, మూసుకున్నట్టే కనిపిస్తుంది, మీట నొక్కితే పేలుతుంది కూడా. కాకపోతే గడియ పడదు. తూటా ముందుకు పోతుంది, బోల్టు వెనక్కి వచ్చి పేల్చినవాడి ముఖంలో దిగుతుంది. నూకయ్య ఆకురాయితో రెండు ముక్కల మీదా చిన్న గాటు పెట్టాడు. గాటుకు గాటు ఎదురుగా వస్తే సరిగా బిగించినట్టు.

ఆ ఎస్టేటులో దసరాకి ఆయుధపూజ అంటే పైపైన బొట్టు పెట్టి ఊరుకోవడం కాదు. ప్రతి ఆయుధాన్నీ విప్పి, అంగాంగానికీ పసుపూ కుంకుమా పెట్టి, మళ్లీ బిగించాలి. తర్వాత జమ్మి దగ్గర జమీందారు స్వయంగా ఒక తూటా పేల్చాలి. మనుషులు చంపడానికే నన్ను చేసుకున్నారు, ఏడాదికోసారి దణ్ణం కూడా పెడతారు. ఎందుకో నాకు అర్థం కాలేదు గానీ, పసుపు వాసన మాత్రం బాగుండేది.

నేను చెప్పే దసరా నాటికి నూకయ్య కళ్లకు పొరలు కమ్మి రెండేళ్లు. ఎవరికీ చెప్పలేదు. గదిలో ఏ తుపాకీ ఎక్కడుందో చేతులకు తెలుసు కాబట్టి నెట్టుకొచ్చాడు. గాటును బొటనవేలి గోటితో తడిమి చూసుకునేవాడు. కానీ ఆ రోజు నూనెలో కలిపిన పసుపు గాటులో గట్టిపడింది. గోటికి ఏమీ తగల్లేదు. ముహూర్తం దాటిపోతోందని బయటి నుంచి పురోహితుడు అవధాని గారు కేకేశారు. నూకయ్య అంచనా మీద బిగించాడు. ఆ అంచనా తప్పింది.

నాకు తెలిసింది. చెప్పే నోరు లేదు.

జమ్మి దగ్గర ఊరంతా ఉంది. జమీందారు నీలాద్రిరాజు గారికి అప్పటికి ముప్పై దాటలేదు. తూటా వేసి పిడి తోశారు. ఎప్పుడూ మొరాయించే నేను వెన్నలోకి చెంచా దిగినట్టు మూసుకున్నాను. నూకయ్య చేతిచలవ వల్ల తుపాకీ దారికొచ్చిందని ఆయన అందరి ముందూ మెచ్చుకున్నారు. నన్ను భుజానికెత్తి, దవడ ఆనించారు. నా బోల్టుకూ ఆయన కంటికీ మధ్య బెత్తెడు కూడా లేదు.

పది అడుగుల అవతల నూకయ్య తల నా వైపు తిప్పాడు. నేను మూసుకుంటే ఎంత గట్టిగా చప్పుడవుతుందో ఆ చెవులకు తెలుసు. ఆ చప్పుడు రాలేదు. నోరు విప్పితే ముప్పై ఏళ్ల బతుకు అక్కడికక్కడే పోతుంది. ముహూర్తం తూటా ఆపడం అశుభం, ఊరు క్షమించదు. ఇవన్నీ ఆలోచించాడో లేదో గానీ, నడిచి వచ్చి నా మీద చెయ్యి వేశాడు.

"ఆగండి బాబూ. గడియ పడనేదు. నానే తప్పుగా ఎక్కించీసినాను. రెండేళ్లయింది, నాకు కళ్లు కనపడ్డం నేదు."

జనంలో గగ్గోలు లేచింది. అవధాని గారు చెవులు మూసుకున్నారు. రాజుగారికి కోపం వచ్చింది, ఇంత బాగా పడిన బోల్టుకి వంక పెడతావా అన్నారు. చివరికి తేల్చుకుందామని ఎడ్లు విప్పిన బండి చక్రానికి నన్ను కట్టించారు. పందిట్లోంచి ఒక అరటిబోదె తెచ్చి మనిషి ముఖం ఉండే చోట నా వెనక నిలబెట్టారు. మీటకు తాడు కట్టి దూరం నుంచి లాగారు. బోల్టు ఎగిరి అరటిబోదెలోకి పిడిదాకా దిగబడింది.

రాజుగారు వెళ్లి దాన్ని రెండు చేతులతో పీకారు. ఒక చేత్తో తన దవడ తడుముకుంటూ, ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడిగారు.

"సెప్తే తాళంచెవి లాగేసుకుంటారని బాబూ. ఆ గది తప్ప నాకింకేటి తెలుసు?"

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"నా కళ్లు ఎలాగూ పోనాయి. మీయి కూడా ఎందుకు?"

రాజుగారు చెయ్యి చాపారు. నూకయ్య మొలతాడు ముడి విప్పి తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని తిరిగివ్వలేదు. ఇవ్వకూడదు కూడా, చూపులేని మనిషికి ఆయుధాలు ఎలా అప్పగిస్తారు? ఆ న్యాయం నాకు తెలుసు. అయినా నూకయ్య వట్టి మొలతాడును తడుముకుంటూ ఇంటిదారి పట్టినప్పుడు, బురదలో తిన్న తన్నులన్నీ కలిపినా అంత నొప్పి కలగలేదు.

మరుసటి దసరాకి కొత్త కాపలాదారు నన్ను బిగించి జమ్మి దగ్గరకు తెచ్చాడు. రాజుగారు తూటా వేయలేదు. నూకయ్య ఇంటికి బండి పంపి, అతను వచ్చేదాకా ఊరందరినీ నిలబెట్టారు. అవధాని గారు ముహూర్తం మించిపోతోందన్నారు, మించనివ్వండన్నారు రాజుగారు. నూకయ్య వచ్చాక నన్ను అతని చెవి దగ్గర పెట్టి, రాజుగారే తన చేత్తో పిడి తోశారు.

నేను నా పాత మొండితనమంతా చూపించి గట్టిగా గడియ పడ్డాను. నూకయ్య తల ఊపాడు. అప్పుడు గానీ ఆయన నన్ను భుజానికెత్తలేదు.